ఎవరి వంతు ఎప్పుడు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల మొదటి రోజు సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసి, "అన్నా, ముప్ఫై ఏళ్లు కంప్యూటర్ల మధ్యనే ఉన్నారు గదా. మీరు చేసిన పనేంటో సార్లకూ పిల్లలకూ అర్థమయ్యేటట్టు ఓ ఇరవై నిమిషాలు చెప్పండి" అన్నారు. మా ఇంట్లోవాళ్లకే ఇన్నేళ్లలో అర్థం కాని సంగతి ఇరవై నిమిషాల్లో చెప్పమంటే కష్టమే. అయినా ఒప్పుకున్నాను. కారణం ఒకటి ఉంది. రేపు మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో స్వర్ణోత్సవ నిధితో బడికి కొత్త కంప్యూటర్లు కొనాలన్న తీర్మానం చర్చకు వస్తోంది. దాని మీద నేనొక మాట చెప్పాలి. ముందు నా వృత్తి గురించి చెప్తాను, ఆ తర్వాత ఆ మాట చెప్తాను.

నా పని ఒక్క ముక్కలో ఇదీ. ఒక పెద్ద హాల్లో కొన్ని వందల కంప్యూటర్లు ఉంటాయి. అన్నిటినీ వైర్లతో కలిపి ఉంచుతారు. వాటికి వేల పనులు వచ్చిపడుతుంటాయి. ఏ పని ఏ మిషన్ మీదికి వెళ్లాలి, ఎంతసేపు ఉండాలి, ముందెవరు, వెనకెవరు, పని మధ్యలో మిషన్ చచ్చిపోతే ఏం చెయ్యాలి — ఈ నిర్ణయాలు తీసుకునే ప్రోగ్రామును షెడ్యూలర్ అంటారు. దాన్ని నడిపించడం, దానికి నియమాలు రాయడం నా ఉద్యోగం.

ఇది కొత్త విద్య అనుకోకండి. ఇక్కడున్న టీచర్లకు రోజూ పొద్దున ఎదురయ్యేదే. ప్రార్థన అయిపోయేసరికి ముగ్గురు టీచర్లు సెలవు అని తెలుస్తుంది. టైంటేబుల్ చూసే సారు రిజిస్టర్ తీసి, ఏ పీరియడ్‌లో ఎవరికి లీజర్ ఉందో చూసి, ఫలానా క్లాసుకి ఫలానా వారు వెళ్లండి అని రాసి స్టాఫ్‌రూమ్‌కి పంపిస్తారు. మా రోజుల్లో ఎవరు రాకపోయినా గేమ్స్ సారే వచ్చేవారు. అంటే ఆ రిజిస్టర్లో నియమం సరిగా లేదన్నమాట. ఖాళీగా కనబడ్డ ఒక్కరి మీదే భారమంతా పడుతోంది. మా భాషలో దీన్ని లోడ్ బ్యాలెన్సింగ్ సమస్య అంటారు. గేమ్స్ సారుకి ఆ పేరు తెలియకపోయినా ఆ బాధ బాగా తెలుసు.

ఇప్పుడు అశోక్‌నగర్ వద్దాం. కోచింగ్ సెంటర్ల సందుల్లో జిరాక్స్ షాపులు మీకందరికీ తెలుసు. ఒక షాపులో మూడు నాలుగు మిషన్లు ఉంటాయి. ఒక అబ్బాయి ఆరు వందల పేజీల మెటీరియల్ తెచ్చి, రెండు కాపీలు, స్పైరల్ బైండింగ్ అంటాడు. వాడి వెనక ఒక అమ్మాయి హాల్ టికెట్ ఒక్క పేజీ పట్టుకుని నిలబడుతుంది. వచ్చినవాళ్లకు వచ్చిన వరసలోనే చేస్తే ఆ అమ్మాయి అరగంట నిలబడాలి. అందుకని షాపతను, "తమ్మీ, ఇది సాయంత్రం ఏడుకి తీస్కపో" అని పెద్ద కట్ట పక్కన పెట్టి ముందు ఒక్క పేజీ వాళ్లను పంపించేస్తాడు. చిన్న పని ముందు చేస్తే అందరూ నిలబడే సమయం మొత్తం మీద తగ్గుతుంది. ఇది లెక్కల్లో రుజువైన సంగతే, షాపతను అనుభవంతో కనిపెట్టాడు.

అయితే అందులో ఒక ప్రమాదం ఉంది. ఒక్క పేజీ వాళ్లు రోజంతా వస్తూనే ఉంటారు. పెద్ద కట్ట రాత్రి పదింటికి కూడా అక్కడే ఉంటుంది. దీన్ని మేము స్టార్వేషన్ అంటాం, అంటే ఆకలితో మాడటం. దీనికి విరుగుడు ఏమిటంటే, ఎంతసేపు ఆగితే అంత ప్రాధాన్యం పెంచుకుంటూ పోవడం. ఆగిన కొద్దీ ముందుకు జరుగుతారు. షాపతను ఏడింటికి అన్నాడు కాబట్టి ఆరున్నరకు ఒక మిషన్ ఆ కట్టకే వదిలేస్తాడు. మంచి షెడ్యూలర్ కూడా అంతే చేస్తుంది.

అక్కణ్ణుంచి నాలుగడుగులు వేస్తే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ. గ్రూప్స్‌కి, పోలీసు ఉద్యోగాలకి చదివే పిల్లలతో ఎప్పుడూ కిటకిటలాడుతుంది. అక్కడ కుర్చీ మీద ఒక కర్చీఫో, పుస్తకమో పెట్టి టిఫిన్‌కి వెళ్లడం మనందరికీ తెలిసిన ఆచారం. ఆయన గంటలో వస్తే ఫర్వాలేదు. రాకపోతే? కుర్చీ ఖాళీగా ఉంటుంది, చదువుకునేవాడు మెట్ల మీద కూర్చుంటాడు. కర్చీఫ్ తీసెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

నెట్‌వర్కులో ఇదే అతి కష్టమైన సమస్య. ఒక మిషన్ ఒక ఫైలు మీద తాళం వేసుకుంటుంది. ఈలోగా దాని కరెంటు పోతుంది. అది చనిపోయిందో, బతికే ఉండి వైరు మాత్రమే తెగిందో అవతలి మిషన్లకు తెలిసే దారి లేదు. అందుకని మేము తాళం ఎవరికీ శాశ్వతంగా ఇవ్వం, గడువుతో ఇస్తాం. పది సెకన్లకొకసారి "నేనున్నాను" అని చెప్తూ ఉండాలి. చెప్పడం ఆగిందా, గడువు తీరగానే తాళం ఇంకొకరికి పోతుంది. క్లాసులో హాజరు పిలిస్తే పలకడం లాంటిది. పలకని వాడి కుర్చీ వాడిది కాదు.

మన ఊళ్లో ఇది నిజంగా ఎలా జరిగిందో చెప్తాను. నా తోటివాళ్లకు రైల్వే రిజర్వేషన్ పాత పద్ధతి గుర్తుండే ఉంటుంది. ప్రతి రైలుకీ ఒక లావుపాటి రిజిస్టరు. ఆ రిజిస్టరు ఉన్న కౌంటర్ దగ్గరే నిలబడాలి. పక్క కౌంటర్ ఖాళీగా ఉన్నా లాభం లేదు. తిరుగు ప్రయాణం టికెట్ కావాలంటే అవతలి స్టేషన్‌కి టెలిగ్రామ్ ఇచ్చి ఎదురుచూడాలి. 1985లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ ప్రయోగాత్మకంగా మొదలైంది. ఏ కౌంటర్లోనైనా ఏ రైలుకైనా టికెట్ అన్నది అప్పుడు వచ్చింది. ఆ తర్వాత ముంబై, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాద్‌లలో ఒక్కో కేంద్రం ఏర్పడింది. అయితే ఐదు కేంద్రాలూ ఐదు దీవులు. ఢిల్లీ కంప్యూటర్‌కి తెలిసింది సికింద్రాబాద్ కంప్యూటర్‌కి తెలియదు.

ఆ ఐదింటినీ కలపడానికి రైల్వే సంస్థ క్రిస్ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ పేరు కాన్సర్ట్. అది మొట్టమొదట నడిచింది మన సికింద్రాబాద్‌లోనే, 1994లో. 1999 ఏప్రిల్ నాటికి ఐదు కేంద్రాలూ కలిశాయి. దేశంలో ఎక్కడి నుంచి ఎక్కడికైనా ఏ కేంద్రంలోనైనా టికెట్ తీసుకోవచ్చు అన్న మాట అప్పటి నుంచి నిజమైంది. 2002లో ఐఆర్‌సీటీసీ ఇంట్లోంచే టికెట్ తీసుకునే వీలు కల్పించింది కానీ, దానికి పునాది ఈ ఐదు ఊళ్ల కలయికే.

ఇందులో కిటుకు ఏమిటో చూడండి. ఐదు కంప్యూటర్లలోనూ అన్ని రైళ్ల బెర్తులూ పెట్టలేదు. అలా పెడితే ఒకే బెర్తును ఒకే క్షణంలో ఇద్దరికి అమ్మే ప్రమాదం ఉంది. ప్రతి రైలుకీ ఒక సొంతిల్లు ఉంది. ఆ రైలు బెర్తుల లెక్క ఆ కేంద్రంలోనే ఉంటుంది. మీరు కాచిగూడలో నిలబడి ఢిల్లీ లెక్కలో ఉన్న రైలుకి అడిగితే, మీ ప్రశ్న వైరు మీద ఢిల్లీ వెళ్లి, అక్కడ ఆ బెర్తు మీద క్షణకాలం తాళం పడి, మీ పేరు రాసుకుని, జవాబు తిరిగి వస్తుంది. అడిగేవాళ్లు ఎక్కడున్నా ఫర్వాలేదు, లెక్క రాసే చెయ్యి మాత్రం ఒక్కటే ఉండాలి. అందరికీ పంచాల్సిన వస్తువు విషయంలో నాకు తెలిసిన గట్టి సూత్రం ఇదే.

ఇంకో చిన్న సంగతి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సిగ్నల్ చెడిపోయిన రోజు మీరెప్పుడైనా ఇరుక్కున్నారా? నాలుగు వైపుల నుంచీ బండ్లు చౌరస్తా మధ్యకు వచ్చేస్తాయి. ఒక్కొక్కరూ ముందున్న వాడు కదిలితే కదులుదామని చూస్తుంటారు. ఎవరూ కదలరు. తప్పు ఎవరిదీ కాదు, కానీ అందరూ ఆగిపోయారు. కంప్యూటర్లలో దీన్ని డెడ్‌లాక్ అంటారు. నా దగ్గర ఒకటుంది, నీ దగ్గరున్నది నాకు కావాలి; నీకు నాది కావాలి; ఇద్దరం వదలం. ఒక ఆటో వెనక్కి తీసుకుంటే తప్ప ఇది విడదు. ఏ ఆటో వెనక్కి తీసుకోవాలన్నది గొడవ మొదలయ్యాక తేల్చుకోవడం కష్టం, ముందే రాసి ఉంచాలి. ఈ చౌరస్తా మీదుగా 2020లో మెట్రో వచ్చింది, 2023లో ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా స్టీల్ బ్రిడ్జి వచ్చింది. కొత్త దారులు కావలసిందే. కింద చౌరస్తాలో నియమం మాత్రం ఇప్పటికీ కావాలి.

ఇక బయటి ప్రపంచం సంగతి ఒకటి చెప్పి మన బడికి వస్తాను. 1988లో అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మిరాన్ లివ్నీ అనే ప్రొఫెసర్ బృందం కాండర్ అనే వ్యవస్థ మొదలుపెట్టింది. వాళ్లు గమనించింది చాలా మామూలు విషయం. డిపార్ట్‌మెంట్‌లో ప్రతి బల్ల మీదా ఖరీదైన కంప్యూటర్ ఉంది. దాని యజమాని భోజనానికి వెళ్తాడు, క్లాసుకి వెళ్తాడు, రాత్రి ఇంటికి వెళ్తాడు. మిషన్ ఊరికే ఉంటుంది. పక్క గదిలో ఇంకొకాయన పెద్ద లెక్క చేసుకోవడానికి మిషన్ చాలక తల పట్టుకుంటాడు. ఈ ఖాళీ మిషన్లను వెతికి, ఆ లెక్కను వాటి మీద నడిపించడమే కాండర్ పని.

అందులో రెండు నియమాలు నాకు చాలా ఇష్టం. మొదటిది, ఇంటాయన వస్తే అతిథి లేవాలి. యజమాని కీబోర్డు మీద చెయ్యి వెయ్యగానే పరాయి పని అక్కడిదాకా చేసింది దాచుకుని వేరే మిషన్‌కి వెళ్లిపోతుంది. రెండోది, ఇప్పటిదాకా ఎక్కువ వాడుకున్నవాళ్లు వెనక్కి, తక్కువ వాడుకున్నవాళ్లు ముందుకు. నిన్న వంద మిషన్లు వాడుకున్నాయన, ఇవాళ మొదటిసారి వచ్చిన విద్యార్థి ఒకేసారి అడిగితే విద్యార్థికే ముందు. ఈ నియమం లేకపోతే గొంతున్నవాడే అన్నీ పట్టుకుపోతాడు.

ఇప్పుడు గూగుల్ లాంటి సంస్థలు వేల మిషన్లను ఒకే మిషన్‌లా నడుపుతున్నాయి. గూగుల్ తన లోపలి అనుభవంతో 2014లో కుబెర్నెటీస్ అనే వ్యవస్థను అందరికీ ఉచితంగా ఇచ్చింది. గ్రీకులో ఆ మాటకు చుక్కాని పట్టేవాడు అని అర్థం, మన గోదావరి వాళ్ల మాటలో సరంగు. "ఈ పని ఎప్పుడూ మూడు చోట్ల నడుస్తూ ఉండాలి" అని దానికి ఒక్కసారి చెప్తే చాలు. ఒక మిషన్ పడిపోతే అదే చూసుకుని ఇంకో మిషన్ మీద నాలుగో కాపీ మొదలుపెట్టి మూడు నిలబెడుతుంది. ఇందాకటి సర్దుబాటు రిజిస్టర్‌ను నిద్రపోకుండా రాస్తూ ఉండటమే అది.

ఇప్పుడు మన బడి.

హెడ్‌మాస్టర్ గారి అనుమతితో పోయిన నెల మూడు రోజులు కంప్యూటర్ ల్యాబ్‌లో ఒక మూల కూర్చున్నాను. వృత్తి అలవాటు, నోటుబుక్కులో రాసుకున్నాను. వేర్వేరు బ్యాచ్‌ల వాళ్లు ప్రేమతో ఇచ్చిన మిషన్లు 24 ఉన్నాయి. 15 పనిచేస్తున్నాయి. 9 గోడవారగా ఉన్నాయి. ఆ తొమ్మిదీ విప్పి చూశాను. నాలుగింటికి పవర్ సప్లయ్ పోయింది, మూడింటికి హార్డ్ డిస్కు పోయింది, రెండింటికి మానిటర్ లేదు. ఒక్కటీ పూర్తిగా చచ్చిపోలేదు.

ఆ మూడు రోజుల్లో 24 పీరియడ్లు జరిగాయి. ల్యాబ్ తలుపు తెరుచుకున్నది 9 పీరియడ్లు. తొమ్మిది, పదో తరగతులు వచ్చాయి, ఎనిమిది ఒకసారి వచ్చింది. ఆరు, ఏడు తరగతులు ఒక్కసారీ రాలేదు. ఎందుకని అడిగితే, కంప్యూటర్ టీచర్ ఒక్కరే, ఆవిడకే లెక్కల క్లాసులూ వేశారు, తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంటుంది అన్నారు. ఆ టీచర్ ఎంత కష్టపడుతున్నారో కళ్లారా చూశాను. ఈ ల్యాబ్‌లో షెడ్యూలర్ ఎవరయ్యా అంటే, ఆ తాళంచెవే.

ఇంకొకటి రాసుకున్నాను, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఒక మిషన్ దగ్గర ముగ్గురు పిల్లలు కూర్చుంటారు. మౌస్ ఎవరి చేతిలో ఉందో చూశాను. ఎక్కువ మిషన్ల దగ్గర పీరియడ్ మొదట్లో ఎవరి చేతిలో ఉందో చివరిదాకా వాళ్ల చేతిలోనే ఉంది. మూడో బిడ్డ మెడ చాచి చూస్తూ కూర్చుంది. హాజరు పట్టీలో ఆ బిడ్డకి కంప్యూటర్ క్లాసు జరిగినట్టే లెక్క.

ఇది చిన్న విషయం కాదు. అప్పట్లో ఎంసెట్ అని పిలిచిన ప్రవేశ పరీక్షను 2018 నుంచి కంప్యూటర్ మీదే రాయాలి. ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్లలకు అది పరీక్ష ఒక్కటే. ఇంట్లో లేనివాళ్లకు పరీక్షతో పాటు మిషన్ కూడా పరీక్షే. ఇవాళ మన బడికి వచ్చే పిల్లల్లో ఆ రెండో రకం వాళ్లే ఎక్కువని టీచర్లు చెప్తున్నారు. మన కాలంలో ఈ వీధుల డాక్టర్ల పిల్లలూ, ఆఫీసర్ల పిల్లలూ, ఇస్త్రీ బండి వాళ్ల పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఇప్పుడు బెంచీ మారింది. ఆ బిడ్డ చేతికి మౌస్ అందే చోటు ఈ బడి ఒక్కటే.

కొత్తగా 20 మిషన్లు కొంటే ఏమవుతుంది? అదే తాళంచెవి, అవే 9 పీరియడ్లు, మౌస్ అదే చేతుల్లో. మూడేళ్లకు గోడవార ఇంకో పది చేరతాయి. అందుకని తీర్మానాన్ని ఓడించమని నేను అడగను, సవరించమని అడుగుతున్నాను. నా సవరణలో ఐదు అంశాలు.

ఒకటి, ఉన్న 9 మిషన్లూ బాగుచేయించాలి.

రెండు, ఒక మంచి సర్వర్ కొని, మిగతావన్నీ దాని నుంచే నెట్‌వర్క్ మీద నడిచేలా చెయ్యాలి. దీనికి ఎల్‌టీఎస్‌పీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. బల్ల మీద మిషన్‌కి హార్డ్ డిస్కే అక్కర్లేదు, కాబట్టి ఇందాకటి మూడింటికి డిస్కు కొననవసరం లేదు. 24 మిషన్లలో విడివిడిగా వైరస్‌లు తుడిచే బాధ పోతుంది, ఒక్కచోట సరిచేస్తే అన్నీ సరి. అయితే ఆ ఒక్క సర్వర్ పడిపోతే అన్నీ ఆగిపోతాయి. అందుకని రెండోది సిద్ధంగా ఉండాలి. ఆ ఖర్చు ముందే రాసుకుందాం.

మూడు, ఆరో తరగతి నుంచి ప్రతి బిడ్డకీ సొంత లాగిన్ పేరు ఉండాలి. ఎవరు ఎంతసేపు కూర్చున్నారో సర్వర్ లెక్క రాస్తుంది. నెలకోసారి ఆ లెక్క తీసి, అందరికంటే తక్కువ కూర్చున్నవాళ్లను ముందు పిలవాలి. విస్కాన్సిన్‌లో ముప్ఫై ఏళ్లకు ముందే రాసిన నియమమే ఇది.

నాలుగు, పది నిమిషాలకొక గంట. గంట మోగితే మౌస్ చెయ్యి మారాలి. దీనికి డబ్బు అక్కర్లేదు. ప్రతి కంప్యూటర్ లోపల సెకనుకి వందలసార్లు జరిగేది ఇదే, ప్రతి ప్రోగ్రాముకీ కాసేపు వంతు.

ఐదు, ఒక మనిషి. బడి అయ్యాక సాయంత్రం ఐదున్నర దాకా ల్యాబ్ తెరిచి ఉంచి, చిన్నచిన్న రిపేర్లు చేసుకునే ఒకరికి నెలనెలా గౌరవ వేతనం. నిధిలో పెద్ద భాగం ఇక్కడికే పోతుంది. ఫలకం మీద పేరు వేసుకోవడానికి మిషన్ బాగుంటుంది, జీతం బాగుండదు. కానీ నా అనుభవంలో మిషన్లు మనుషులు లేక ఆగినంతగా మిషన్లు లేక ఆగలేదు.

ఒక మిత్రుడు, రాత్రిపూట ఈ మిషన్లు ఖాళీయే గదా, కాండర్ లాగా ఏదైనా పరిశోధనకు ఇద్దామా అన్నాడు. నేను వద్దంటాను. కరెంటు బిల్లు బడికి వస్తుంది, పాత మిషన్లు వేడికి ఇంకా త్వరగా పోతాయి. రాత్రి ఖాళీగా ఉన్న మిషన్ వల్ల ఎవరూ ఎదురుచూడటం లేదు. పగలు తాళం వెనక ఖాళీగా ఉన్న మిషన్ వల్ల ఎదురుచూస్తున్నవాళ్లున్నారు. మనం చూడాల్సింది వాళ్లను.

ఒక్క ఏడాది ఇలా నడిపి చూద్దాం. ఏడాది తర్వాత సర్వర్ రాసిన లెక్క సభ ముందు పెడదాం. 24 మిషన్లూ రోజంతా నిండి, అయినా పిల్లలు తలుపు బయట నిలబడుతుంటే, కొత్తవి కొనడానికి మొదటి విరాళం నేనే రాస్తాను.

రేపు సమావేశానికి వచ్చేవాళ్లకు ఒక్క మనవి. హాల్లోకి వచ్చే ముందు మొదటి అంతస్తులో ల్యాబ్ చూసి రండి. తలుపు తీసి ఉంచమని హెడ్‌మాస్టర్ గారిని అడిగాను, సరేనన్నారు.